చలువ గింజ

గంజి వార్చేటప్పుడు ఒక్కసారైనా చెయ్యి కాల్చుకోని ఆడమనిషి బొడ్డవలసలో లేదు. శామీర్‌పేట అవతల, గుట్టల మధ్య కట్టిన ఆ అద్దాల ల్యాబులో మాత్రం గంజి వార్చడానికి ఒక యంత్రమే పెట్టారు. అది గిన్నెను రెండు ఇనుప చేతులతో పట్టుకుని, మెల్లగా వంచి, గంజంతా గాజు జాడీలోకి దింపి, జాడీని తూచి, ఆ తర్వాత సింకులో ఒంపేసేది. గంజిని తూచి మరీ పారబోసే వంటిల్లు లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

ఆ యంత్రం పక్కన తెల్లకోటు వేసుకుని నిలబడ్డాయన డాక్టర్ పి. రాజు. ఆ 'పి' వెనకాల ఒక పైడి దాక్కుని ఉంది. ఆయన్ని కన్నవాళ్లు పెట్టిన పేరు పైడిరాజు. ఇంటిపేరు ముద్దాడ. పాలకొండ అవతల బొడ్డవలస ఆయన ఊరు. హైదరాబాదులో చదువుకొచ్చిన కొత్తలో, హాస్టల్ కుర్రాళ్లు పొద్దున్నే ఏం తింటారు మీ ఊళ్లో అని అడిగితే, పాపం ఉన్నమాట చెప్పాడు. అంతే, ఏడాది పొడుగునా 'గంజిరాజు' అనే పిలిచారు. ఆ వేసవి సెలవులు అయ్యేసరికి ఇంటిపేరు పోయింది, పైడి పోయింది, యాస పోయింది. మిగిలింది పి. రాజు. మనిషి చిక్కిపోతే బట్టలు వదులవుతాయి గానీ, పేరు చిక్కిపోతే అడిగే దిక్కు ఉండదు.

ఆ కాలానికి ఎండలు మనమెరిగిన ఎండలు కావు. ఫాల్గుణం వెళ్లకుండానే రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకునేది. వడగాడ్పులకి పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఉపాధి పనుల్లో మనుషులు రాలిపోయేవారు. ఏసీలు కొనుక్కోగలిగిన వాళ్లు తలుపులు వేసుకున్నారు. మిగతావాళ్ల కోసం ఏదో ఒకటి చెయ్యాలని ప్రభుత్వం అడిగింది, ల్యాబు ఒప్పుకుంది, రాజు కనిపెట్టాడు.

కనిపెట్టింది కూడా ఊరి బురదలోంచే. చెరువు ఎండిపోతే కొరమీను చావదు. బురద అడుక్కి దిగి, గుండె కొట్టుకోవడం తగ్గించుకుని, వాన పడేదాకా అలాగే పడి ఉంటుంది. చిన్నప్పుడు అప్ప, అంటే అక్క సూరమ్మ గునపంతో బురద తవ్వుతుంటే, లోపల కదిలే చేపని రెండు చేతులా పట్టింది రాజే. ఇన్నేళ్లకి ఆ చేప నెత్తుట్లో ఎండాకాలం మాత్రమే ఊరే పదార్థాన్ని పట్టుకున్నాడు. దాన్ని కంటికి కనిపించనంత చిన్న చిన్న గుల్లల్లో పెట్టి, బియ్యప్పిండితో కలిపి, అచ్చం బియ్యపు గింజలా ఒత్తించాడు. రేషన్ బియ్యం బస్తాలో అలాంటివి గుప్పెడు కలిపితే చాలు. గుల్లలు పేగుల్లో నిదానంగా విచ్చుకుంటాయి. గుండె ఒక పిసరు నెమ్మదిస్తుంది, ఒంట్లో వేడి తగ్గుతుంది, చెమటతో నీరంతా పోకుండా మనిషి ఎండకి నిలబడతాడు. దానికి చలువ గింజ అని పేరు పెట్టారు. కొరమీను కథని రాజు ప్రతి సభలోనూ చెప్పేవాడు. చేప పట్టిన సంగతి చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అది గొప్పగానే ఉంటుంది.

చిక్కల్లా వంటలో వచ్చింది. అన్నం ఉడికేటప్పుడు గుల్లలు నీళ్లలోకి జారిపోయేవి. వారిస్తే చాలా భాగం గంజితోనే వెళ్లిపోయేది, కుక్కర్లో అయితే ఒత్తిడికి అంత భాగమూ చెడిపోయేది. అలా పోయేదానికి సరిపడా ముందే మూడింతలు కలపాలని లెక్క తేలింది. మోతాదు ఖాయం చేసే రోజున డైరెక్టర్ చారుమతి గదిలో అందరూ కూర్చున్నారు. చారుమతి చెడ్డ మనిషి కాదు, తెలివైనది, అడగవలసిన మాట అడిగింది.

"మరి ఆ గంజి ఎటు పోతుంది?"

పక్కన కూర్చున్న విక్రాంత్ నవ్వాడు. కుర్ర శాస్త్రవేత్త, బంజారాహిల్స్‌లో పెరిగినవాడు. "గంజంటే కాటన్ చీరలకి పెట్టేది కదా మేడమ్. మా అమ్మమ్మ పెట్టించేది." గదంతా నవ్వింది.

"తాగేవాళ్లు కూడా ఉంటారు కదా. రాజు గారూ, మీది శ్రీకాకుళం వైపు కదూ. అక్కడ తాగుతారా?" అని అడిగింది చారుమతి.

ఆ ఒక్క క్షణంలో రాజు ముక్కుకి పులిసిన వాసన కొట్టింది. వంటింటి మూల చుట్టకుదురు మీద కుండ. ఏ రోజు గంజి ఆ రోజు అందులోనే ఒంపి, పులవబెట్టి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తాగే తరవాణి. అమ్మ పోయాక అప్పే కుండ దింపి, అడుగున ఉన్న నాలుగు మెతుకులూ చేత్తో తీసి తమ్ముడి పళ్లెంలో వేసి, పైనున్న నీళ్లు తను తాగేది. ఎన్నేళ్లు తాగిందో. ఇప్పటికీ తాగుతుంది. అదంతా గొంతుదాకా వచ్చింది. విక్రాంత్ మొహం మీద నవ్వు ఇంకా ఆరలేదు.

"ఇప్పుడెవరు తాగుతున్నారు మేడమ్," అన్నాడు రాజు, తనూ కాస్త నవ్వి. "ఆ రోజులు పోయాయి. పారబోస్తారు. లేదంటే పశువుల కుడితిలో పోస్తారు."

తాగుతారంటే గంజి మీద ఇంకో ఏడాది పరీక్షలు చెయ్యాలి, వేసవేమో ముంచుకొస్తోంది. కాబట్టి అందరికీ కావలసిన జవాబు అదే. అందుకే ఎవరూ రెండోసారి అడగలేదు. మోతాదు మూడింతలని ఖాయమైంది, కాఫీలు వచ్చాయి.

మొదటి ఏడు బియ్యం ఆలస్యంగా, వైశాఖంలో అందాయి. ఆ కొద్ది రోజులకే ఫలితం కనిపించింది. వడదెబ్బ చావులు సగానికి పైగా తగ్గాయని పేపర్లు రాశాయి. ఇటుక బట్టీల వాళ్లు మొక్కులు మొక్కుకున్నట్టుగా ఆ బియ్యం కోసం వరసల్లో నిలబడ్డారు. వానలు పడ్డాక శ్రీకాకుళంలో రాజుకి శాలువా కప్పారు. ఆ సభకి వెళ్తూ దారిలో బొడ్డవలసలో ఒక గంట ఆగాడు.

సూరమ్మ తమ్ముణ్ణి చూసి ఒళ్లంతా తడిమింది. "ఏటిరా తమ్ముడా, ఇలగ సిక్కిపోనావు. ఆ పట్నంలో తిండెట్టరేటి?"

ఇల్లు పాతదే, గోడలకి సున్నం మాత్రం కొత్తది. పక్కింటి దాలమ్మ చేతులు చీరకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. దాలమ్మా సూరమ్మా ఒక ఈడు వాళ్లు. నాట్లకీ కోతలకీ ఉపాధి పనికీ జంటగానే వెళ్లేవాళ్లు. రాజుకి చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒళ్లు తెలియకపోతే, పాలకొండ ఆస్పత్రి దాకా భుజానేసుకుని మోసింది దాలమ్మే. ఆ సంగతి ఊళ్లో అందరికీ చెప్పేది. ఇప్పుడూ వచ్చీరాగానే కారు డ్రైవరుకి చెప్పింది.

"ఈ గుంటడ్ని నానే మోసినాను బాబూ. అప్పుడు ఇంత బరువు లేడు," అంది, నవ్వుతూ.

"నీ బియ్యం మా సెడ్డ మంచివిరా," అంది సూరమ్మ. "అన్నం సరే, ఆ గంజి ఎంత సలవనుకున్నావు. తరవాణి కుండలో పోసి తాగితే ఒళ్లు సల్లగా తేలిపోతాది. మజ్జాన్నం గట్టు మీద తొంగుంటే లెగబుద్ధి కాదు."

"నిజిమేనోలమ్మ," అంది దాలమ్మ. "నానైతే ఓ రోజు తూలిపోయి కూకుండిపోనాను. ఈ గుంటడు మందెట్టీసినాడు బియ్యంలో అని నవ్వుకున్నాం."

ఇద్దరూ పకపకా నవ్వారు. రాజుకి మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఒక మాట అడుగుదామని నోరు తెరిచాడు. ఇంతలో ఫోన్ మోగింది, కలెక్టరు గారు సభకి వచ్చేశారట. ఎలాగూ ఈ ఏటికి ఎండలు పోయాయి, బియ్యం అయిపోయాయి, తర్వాత చూద్దాం అనుకున్నాడు. సూరమ్మ చెంబుతో తరవాణి తెచ్చి ఇవ్వబోతే, కడుపు నిండుగా ఉందని కారెక్కాడు. శాలువా మాత్రం బాగుంది, జరీ అంచుది.

రెండో ఏడు బియ్యం ముందే ఇచ్చారు. మాఘం నుంచే ఇంటింటికీ చలువ బియ్యం. ఉగాది దాటాక చావుల కబుర్లు మొదలయ్యాయి. నిప్పులు చెరుగుతున్న ఎండలు, పొలంలో కూలబడ్డ మనుషులు. ఇంకేముంది, వడదెబ్బ అని రాసుకున్నారు. చారుమతి మళ్లీ అందరినీ పిలిచింది.

"ఎండ పెరిగింది, మన మోతాదు చాలడం లేదు," అన్నాడు విక్రాంత్. "ఇంకాస్త పెంచాలి. పైనుంచి కూడా అదే అడుగుతున్నారు."

చలువ చాలక చచ్చిపోతున్నారని, ఇంకొంచెం చలువ పొయ్యడానికి గదిలో అందరూ తలలూపారు. రాజు కూడా ఊపబోయాడు. కానీ ఎదురుగా తెర మీద చావులు ఎక్కడెక్కడ జరిగాయో చుక్కలు పెట్టి చూపించారు. చుక్కలన్నీ ఒక పక్కకే పోగయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం, అటుపక్క మన్యం. గుంటూరు వైపు అంతకన్నా మండిపోతోంది, అక్కడ చుక్కలే లేవు. పైగా పోయినవాళ్లలో నూటికి తొంభై మంది ఆడవాళ్లు. వడగాడ్పుకి మగా ఆడా తేడా ఎందుకుంటుంది.

గదిలోంచి బయటికొచ్చి, పాలకొండ ఆస్పత్రి డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆ డాక్టరు కొత్తగా వచ్చిన అమ్మాయి, పేరు స్ఫూర్తి.

"సార్, మీరే అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను," అంది. "వడదెబ్బ తగిలితే ఒళ్లు పెనంలా కాలిపోవాలి. వీళ్లని తెచ్చేసరికి చల్లగా ఉంటున్నారు. పొద్దున్న బాగానే ఉన్నారట, కాస్త తూలారట, కూర్చున్నారట, అంతే. గుండె ఆగిపోయినట్టుంది గానీ, వయసు చూస్తే అదేం వయసు కాదు. నేను పైకి రాస్తే, ఎండాకాలం వడదెబ్బ కాక ఇంకేమిటమ్మా అన్నారు."

ఆ సాయంత్రం రాజు రోడ్డు పక్కన కుండలమ్మే చోట ఒక మట్టికుండ కొన్నాడు. కోట్ల రూపాయల యంత్రాల మధ్య దాన్ని తెచ్చి పెట్టుకుని, చలువ బియ్యం వండించి, ఏ రోజు గంజి ఆ రోజు అందులో ఒంపాడు. అప్ప ఎలా చేసేదో చేతులు మర్చిపోలేదు. పాత తరవాణి కాస్త అడుగున ఉంచాలి, దాని మీదే కొత్త గంజి పొయ్యాలి, మూత మీద తడిగుడ్డ వెయ్యాలి. విక్రాంత్ ముక్కు మూసుకుని, "ఏంటి సార్ ఈ కంపు," అన్నాడు. రాజు తడిగుడ్డ సరిచేశాడు.

కుండ బాగా పులిశాక తరవాణిని యంత్రంలో పెట్టి చూశాడు. పేగుల్లో నిదానంగా విచ్చుకోవలసిన గుల్లలు పులుపుకి కుండలోనే విచ్చుకుపోయాయి. ఏ రోజు మందూ ఆ రోజు పోలేదు, కుండ అడుగున పోగుపడుతూ వచ్చింది. ఒక్క చెంబు తాగితే చాలు, వారం పది రోజుల చలువ ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. వండి, మగవాళ్లకీ పిల్లలకీ అన్నం పెట్టి, ఆఖర్న కుండ దగ్గర కూర్చునేది ఎవరో రాజుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చుక్కలన్నీ తరవాణి తాగే వైపే, అందులోనూ ఆడవాళ్లవే ఎందుకయ్యాయో అర్థమైంది.

ముందుగా ఎవరు గుర్తుకొస్తారు. ఎవరికైనా తన వాళ్లే గుర్తుకొస్తారు. సూరమ్మకి ఫోన్ చేశాడు.

"అప్పా, తరవాణి తాగకు. ఇవాళ్టి నుంచి ముట్టుకోకు. కుండలో ఉన్నదంతా పారబొయ్యి."

"ఏలరా?"

ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. బియ్యంలో ఏముందో, గంజిలోకి ఎంత వస్తుందో, ఆ సంగతి అడిగినప్పుడు తనేమన్నాడో. "నీకు బీపీ ఉంది కదా, పులుపు పడదు. డాక్టర్లు చెబుతున్నారు," అన్నాడు.

"అలగేలే. నివ్వు సెప్పినాక తాగుతానేటి," అంది సూరమ్మ, తమ్ముడు అంత దూరం నుంచి తన ఒంటి సంగతి ఆలోచించినందుకు మురిసిపోతూ. "నివ్వు తిన్నావా?"

తిన్నానన్నాడు. ఫోన్ పెట్టేశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఇక్కడే చెప్పుకోవాలి, ఆ ఊపిరి పీల్చుకోవడమే అతను చేసిన అసలు పాపం. చేతిలో నిజం ఉంది, ఫోన్ ఉంది, పాలకొండ డాక్టరు నెంబరు ఉంది. తనవాళ్ల ఇంట్లో దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, వీధిలో గాలి సంగతి రేపు చూద్దామనుకున్నాడు.

మర్నాడు చారుమతి గదికి వెళ్లి అంతా చెప్పాడు. ఆవిడ మొహం పాలిపోయింది. చాలాసేపు కిటికీలోంచి గుట్టల వైపు చూసింది.

"గంజి పారబోస్తారని చెప్పింది మీరే కదా రాజు గారూ," అంది చివరికి. గట్టిగా కాదు, మెల్లగానే అంది.

"నేనే మేడమ్."

"ఎందుకలా చెప్పారు?"

రాజు తల వంచుకున్నాడు. ఆవిడ కిటికీ తెర లాగి అంది, "సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు గోల చేస్తే జనం చలువ బియ్యం మొత్తం మానేస్తారు. అప్పుడు ఎండకి ఎంతమంది పోతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వచ్చే విడత బియ్యంలో మోతాదు తగ్గించేద్దాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మీ పేరూ రాదు."

ఆ మాటల్లో న్యాయం లేకపోలేదు. ఎండకి పోయేవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ రాజుకి వినిపించింది ఆ ఆఖరి మాటొక్కటే. మీ పేరూ రాదు. గంజి తాగేవాడికి మీసాలెగబట్టేవాడొకడని సామెత. ఇక్కడ గంజి తాగేవాళ్లు చస్తుంటే, వీళ్లిద్దరూ ఒకరి మీసాలు ఒకరు ఎగబట్టుకుంటున్నారు. "మీ ఇష్టం మేడమ్," అని లేచాడు. వచ్చే విడత రావడానికి ఇంకా నెల రోజులుంది.

అన్నం తినబోతే సయించేది కాదు. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడేవాడు. స్ఫూర్తి రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. రోజూ అప్పకి ఫోన్ చేసి, తరవాణి తాగడం లేదు కదా అని మాత్రం అడిగేవాడు. లేదురా, నీ మీదొట్టు అనేది సూరమ్మ. ఆ మాట వింటే ఆ పూటకి నిద్ర పట్టేది.

ఒకనాటి పొద్దున్న సూరమ్మే ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"దాలమ్మ పోనాదిరా. నిన్న మజ్జాన్నం పనికాడ కూకున్నాది, కూకున్నట్టే ఒరిగిపోనాది. ఎండ దెబ్బంట. నిన్ను మోసినాదిరా అది. ఓపాలి వచ్చి పో."

రాజు ఆ పూటే బయల్దేరాడు. దారి పొడుగునా ఒక్కటే లెక్క వేసుకున్నాడు. దాలమ్మ ఇంట్లో తరవాణి కుండ లేదు. ఈ ఏడు కొడుకు పెళ్లయ్యాక కోడలు కుక్కర్లోనే వండుతుంది, గంజి వార్చే పనే లేదని ఆ మధ్య ఫోన్లో సూరమ్మే చెప్పింది. మరి దాలమ్మ ఎందుకు పోయింది. నిజంగానే ఎండ దెబ్బేమో. అలా అయితే బావుండునని కూడా అనుకున్నాడు. దాని చావు ఎండ మీదికి పోతే తన మీద పడదు కదా. మనిషికి బుద్ధి వచ్చేలోపు ఇలాంటివి చాలా వస్తాయి.

అతను వెళ్లేసరికి దహనం అయిపోయింది. దాలమ్మ ఇంటి అరుగు మీద వీధిలో ఆడవాళ్లంతా కూర్చున్నారు. పొయ్యి వెలగని ఇల్లు. సూరమ్మ గోడకి ఆనుకుని ఉంది. తమ్ముణ్ణి చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని పక్కనున్న వాళ్లు చెప్పారు.

దాలమ్మ కోడలు లోపల్నించి చెంబుతో ఏదో తెచ్చింది. "పెద్దమ్మా, గుక్కెడు తరవాణైనా తాగు. నివ్విచ్చిన కుండే. అత్త ఇంకా సగం ఉంచీసినాది."

సూరమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పక్కవాళ్లు బతిమాలారు. దానికి బీపీ అంటారు గానీ, ఒక్క గుక్కకి ఏమవుతుందిలే అన్నారు. సూరమ్మ చెంబు అందుకుంది.

రాజు ఒక్క అంగలో వెళ్లి చెంబు లాగేశాడు. తరవాణి అరుగు మీద ఒలికింది. ఎవరూ ఏమీ అనకముందే వంటింట్లోకి దూసుకెళ్లి, మూల చుట్టకుదురు మీద ఉన్న కుండని రెండు చేతులా ఎత్తి, వీధిలోకి తెచ్చి మట్టిలో బోర్లించాడు. మెతుకులు కలిసిన తెల్లటి నీళ్లు ఎండిన మట్టిలోకి బుసబుసా ఇంకిపోయాయి. అరుగు మీద ఆడవాళ్లు బిత్తరపోయారు. చావింట్లో కూటికుండ బోర్లించిన పెద్దమనిషిని ఆ ఊరు అంతకు ముందు చూడలేదు.

"పారబొయ్యమన్నాను కదప్పా," అన్నాడు రాజు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "కుండ ఇక్కడికెలా వచ్చింది?"

"నాను తాగకూడదని సెప్పినావు, తాగలేదు," అంది సూరమ్మ, అర్థంకాక. "దాలమ్మకి తరవాణంటే పేణం. కోడలొచ్చినాక దానికి గంజి సుక్కలేదు. అందికే నా కుండ దానికిచ్చీసినాను. రోజూ వారిసిన గంజి కూడా పట్టుకెళ్లి పోసినాను." ఆగింది. వీధిలో తడిసిన మట్టి వైపు చూసింది. "గంజి పారబోస్తారేటిరా ఎవులైనా?"

ఎవరూ పారబొయ్యరు. తనకీ తెలుసు. ఆ గదిలో చారుమతి అడిగినప్పుడు చెప్పవలసింది ఈ ఒక్క మాటే. ఆ మాట ఇప్పుడు అతని నోట వచ్చింది.

"ఎవులూ పారబొయ్యరప్పా," అన్నాడు.

అక్కడే నిలబడి పాలకొండ డాక్టరుకి ఫోన్ చేశాడు. గొంతు పోల్చుకోలేక స్ఫూర్తి ఎవరండీ అంది. "ముద్దాడ పైడిరాజుని. బొడ్డవలస మాది," అన్నాడు. అరుగు మీద అందరూ వింటుండగా, చలువ బియ్యం గంజి విషమని, తరవాణి తాగినవాళ్ల గుండె ఆగిపోతోందని, పోయినవాళ్లెవరూ వడదెబ్బకి పోలేదని, గంజి ఎవరూ తాగరని తనే అబద్ధం చెప్పానని మొత్తం చెప్పాడు. తెలిసి కూడా ఇన్నాళ్లు దాచానని చెప్పాడు. అవతల డాక్టరు అంతా రాసుకుంది. తర్వాత, "నేను ఫోన్ చేసినప్పుడైనా ఎత్తవలసింది సార్," అని పెట్టేసింది.

సాయంత్రానికి ఆటోకి మైకు కట్టుకుని వచ్చారు. చలువ బియ్యం వండొద్దని, గంజి తాగొద్దని, తరవాణి కుండలు పగలగొట్టమని వీధి వీధినా అరుస్తూ తిరిగారు. కొందరు పగలగొట్టారు. కొందరు మైకు వెళ్లిపోయేదాకా చూసి, కుండ లోపల దాచుకున్నారు. మరి రేపు పొద్దున్న ఏం తాగి పనికెళ్లాలో మైకు చెప్పలేదు.

దాలమ్మ కోడలు లోపలికి వెళ్లి తలుపేసుకుంది. వీధిలో వాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లారు. రాజుతో ఎవరూ మాట్లాడలేదు, తిట్టనూ లేదు. అరుగు మీద అక్కాతమ్ముళ్లిద్దరే మిగిలారు. సూరమ్మ ఖాళీ కుండని ఒళ్లో పెట్టుకుని, అంచున అంటిన మెతుకుల్ని వేలితో తీస్తోంది. ఆమె ఏడుస్తోందో లేదో చీకట్లో తెలియడం లేదు.

"అయితే దాలమ్మకి పోసినది నానే కదరా," అంది.

"నువ్వు కాదప్పా. నేను."

"నివ్వు పారబొయ్యమన్నావు. నానే ఇన్లేదు." తమ్ముడి మీద మాట పడనివ్వకుండా చిన్నప్పటినుంచీ అదే అలవాటు. ఇప్పుడూ ఆ తప్పు తనే నెత్తినేసుకుంటోంది.

రాజుకి ఆ మాట భరించడం చాతకాలేదు. "ఎందుకు పారబొయ్యాలో నేను చెప్పలేదప్పా. చెప్పుంటే నువ్వు దాలమ్మకి పోసేదానివి కాదు."

"ఏల సెప్పలేదు?"

"చెప్తే, ముందు నేనన్న మాట బయటపడుతుంది."

"ఆ మాటేల అన్నావు మరి? మనం గంజి తాగమని?"

ఆ గదిలో ఉన్నవాళ్ల ముఖాలు, విక్రాంత్ నవ్వు, హాస్టల్లో కుర్రాళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు కదిలాయి. వాటిలో ఒక్కటీ ఈ అరుగు మీద చెప్పుకోవడానికి పనికొచ్చేది కాదు.

"సిగ్గేసిందప్పా," అన్నాడు.

సూరమ్మ వేలు కుండ అంచు మీద ఆగిపోయింది. తమ్ముడి మొహంలోకి చూసింది, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"నాను పోసిన గంజికా?" అంది.

కాసేపటికి సూరమ్మ లేచి, కుండ తోముకొస్తానని కుళాయి వైపు వెళ్లింది.